కింది గీత ముందు: విఫలమైన డాగ్ డోర్‌ను గోడలోకి మార్చిన ఒక కేసు

ఫిర్యాదు ఇది: బీగిల్ బయటికి వెళ్తుంది, లోపలికి మాత్రం రాదు.

ఇంట్లో రెండు కుక్కలున్నాయి. ఒకటి ఐదేళ్ళ లాబ్రడార్, 32 కిలోలు. రెండోది ఎనిమిదేళ్ళ బీగిల్, 13 కిలోలు, నడుము కాస్త బిగుసుకుపోతున్న వయసు. వెనక తలుపుకు డాగ్ డోర్, అంటే కుక్క తలతో తోసుకుని దాటే వేలాడే ఫ్లాప్, బిగించి ఏడు నెలలైంది. లాబ్రడార్ రోజంతా అందులోంచి తిరుగుతూనే ఉంది. బీగిల్ దూకినట్టు బయటపడి, తర్వాత అక్కడే నిలబడి ఎవరో ఒకరు తలుపు తీసేదాకా మొరుగుతుంది. ఇంటివాళ్ళు దీన్ని శిక్షణ లోపం అనుకుని నెలల తరబడి బిస్కెట్లు చూపించి పిలిచారు. ఈలోగా తలుపు అడుగుభాగం ఉబ్బింది, ఫ్లాప్ ఫ్రేము ఊగడం మొదలైంది, గాలివాన వస్తే వంటింట్లోకి నీళ్ళు వచ్చాయి.

ఒకవైపు దాటి రెండోవైపు దాటని కుక్క కనిపిస్తే బిస్కెట్ పొట్లం పక్కన పెట్టి టేపు తీయాలి. రెండు వైపులా నేల ఒకే ఎత్తులో ఉండకపోవడమే చాలాసార్లు అసలు కారణం.

పాత బిగింపులో ఏం తప్పింది

పాత ఫ్లాప్ వెడల్పు 28, ఎత్తు 43 సెం.మీ. దాని కింది గీత, అంటే కుక్క కాలెత్తి దాటాల్సిన అంచు, లోపలి నేల నుంచి 25 సెం.మీ. ఎత్తులో ఉంది. పెద్ద కుక్కకు ఫ్లాప్ మధ్యకు వచ్చేలా చూసి గీత గీసినట్టు తెలుస్తూనే ఉంది. పై అంచు 68 సెం.మీ. దగ్గరికి వచ్చింది, లాబ్రడార్‌కు అది సుఖంగానే ఉంది.

బయటి నేల లోపలి నేల కంటే 12 సెం.మీ. కింద ఉంది. ఈ సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. బయట నిలబడ్డ బీగిల్‌కు ఆ అంచు 37 సెం.మీ. ఎత్తులో కనిపిస్తుంది. ఆ బీగిల్ మూపు ఎత్తు, అంటే నేల నుంచి భుజాల పైదాకా, 36. తన మూపు కంటే ఎత్తైన అంచును, అవతల ఏముందో కనిపించని ఫ్లాప్‌ను తలతో తోస్తూ, ఎగిరి దాటాలి. అది రానన్నదంటే దానికి బుద్ధి ఉందనే అర్థం.

రెండో తప్పు తలుపుది. అది గుల్ల ఫ్లష్ డోర్: రెండు వైపులా పలచని ప్లై, మధ్యలో అట్టతో అల్లిన తేనెపట్టు. అలాంటి తలుపుకు రంధ్రం కోశాక నాలుగు అంచుల్లోనూ రెండు ప్లైల మధ్య చెక్క పట్టీలు దూర్చి అంటించాలి. ఇక్కడ పట్టీలు లేవు. ఫ్రేము స్క్రూలు బిగించినకొద్దీ రెండు ప్లైలూ లోపలికి నొక్కుకుపోయాయి, ఫ్రేముకూ ప్లైకీ మధ్య సందు పడింది, ఆ సందులోంచి నీళ్ళు అట్టలోకి దిగాయి. తడిసిన అట్ట మెత్తబడితే స్క్రూకు పట్టు పోతుంది. వదులైన కొద్దీ ఇంకా బిగించారు, బిగించిన కొద్దీ ఇంకా నలిగింది.

మూడోది వెడల్పు. లాబ్రడార్ శరీరంలో అన్నిటికంటే వెడల్పైన చోటు 25 సెం.మీ. 28 సెం.మీ. ఫ్లాప్‌లో పక్కకు ఒకటిన్నర సెం.మీ. మాత్రమే మిగిలింది. రెండు పక్కలా ఫ్లాప్ అంచు నలిగి, బొచ్చు పేరుకుని, ఫ్లాప్ మధ్యకు తిరిగి రావడం మానేసింది.

నాలుగోది ఎవరూ ఫిర్యాదు చేయనిది. ఫ్లాప్ పై అంచు నుంచి తలుపు గొళ్ళేనికి 48 సెం.మీ. పెద్దవాళ్ళ చేయి ఫ్లాప్‌లోంచి దూరితే గొళ్ళెం సులువుగా అందుతుంది. తలుపుకు డాగ్ డోర్ పెట్టేటప్పుడు ఈ దూరం చేతి పొడవు కంటే ఎక్కువ ఉండాలి. అందకుండా ఉండాలని లోపలి నుంచి కూడా తాళంచెవితోనే తెరుచుకునే తాళం బిగించే వాళ్ళున్నారు. మంటలు వచ్చిన రాత్రి ఆ తాళంచెవి కోసం వెతుక్కోవాల్సి వస్తుంది కాబట్టి అది మంచి మార్గం కాదు.

కొలతలు

ఫ్లాప్ డబ్బా మీద రాసి ఉండే మీడియం, లార్జ్ అనే మాటలకూ, కుక్క బరువు పట్టికలకూ పెద్దగా విలువ ఇవ్వక్కర్లేదు. ఒకే బరువున్న రెండు కుక్కల కాళ్ళు ఒకే పొడవు ఉండవు. కావలసినవి మూడు కొలతలు: మూపు ఎత్తు, ఛాతీ అడుగు నేలకు ఎంత ఎత్తులో ఉంది, శరీరంలో అత్యంత వెడల్పు. మూడూ కుక్క నాలుగు కాళ్ళ మీద మామూలుగా నిలబడి ఉన్నప్పుడే తీయాలి. వెడల్పుకు టేపు చుట్టడం కంటే ఒక గది తలుపును కొంచెం కొంచెంగా మూస్తూ కుక్క ఒళ్ళు తగలకుండా దూరే చివరి సందును కొలవడం నమ్మదగ్గది. పెరుగుతున్న పిల్ల అయితే ఆ జాతి పెద్ద కుక్క కొలతల్నే తీసుకోవాలి.

లాబ్రడార్: మూపు 58, ఛాతీ అడుగు 29, వెడల్పు 25.
బీగిల్: మూపు 36, ఛాతీ అడుగు 18, వెడల్పు 18.

రెండు కుక్కల ఇంట్లో పై గీతను పెద్ద కుక్క నిర్ణయిస్తుంది, కింది గీతను చిన్న కుక్క నిర్ణయిస్తుంది. ఎత్తు ఎంత కావాలన్నది ఆ రెండిటి మధ్య దూరం. పై గీత మూపు కంటే 5 సెం.మీ. పైన ఉండాలి, అంటే 63. కింది గీత చిన్న కుక్క ఛాతీ అడుగు కంటే కనీసం 3 సెం.మీ. కింద ఉండాలి, అంటే 15కు మించకూడదు. వెడల్పు 25కు 5 కలిపి 30. కనీసం 30 × 48 సెం.మీ. ఫ్లాప్ కావాలని తేలింది.

రెండు గీతల్లో దేన్నైనా సర్దుకోవాల్సి వస్తే పై గీతనే సర్దాలి. వయసులో ఉన్న కుక్క తల, వీపు కాస్త వంచి దూరిపోతుంది. కాళ్ళను మాత్రం పొడుగు చేసుకోలేదు.

లెక్కను కాగితం మీద వదిలేయకుండా పెద్ద అట్టపెట్టె పలకను గది గుమ్మానికి అడ్డంగా నిలబెట్టి రంధ్రం కోసి చూశారు. కింది అంచు 14 సెం.మీ. ఉన్నప్పుడు బీగిల్ నడక వేగం మారలేదు. 17కు పెంచితే ముందు కాలు అంచుకు తగిలింది. 20 దగ్గర ఆగి, వెనక్కి తగ్గి, చిన్న గెంతు వేసింది. నడుము నొప్పి ఉన్న కుక్క రోజుకు ఇరవైసార్లు ఆ గెంతు వేయకూడదు. కింది గీత 14 అని అక్కడే ఖాయమైంది. అరగంట పని, ఒక అట్టపెట్టె. గోడ కోశాక ఈ ప్రయోగం చేయలేం.

ఎక్కడ పెట్టాలి

అదే తలుపులో పెద్ద రంధ్రం కోయడం కుదరదు. ఉబ్బిన గుల్ల తలుపులో ఇప్పటికే ఒక రంధ్రం ఉంది. గట్టి చెక్క తలుపు కొత్తది చేయించి అందులో పెట్టడం సులువైన దారే, రంధ్రం చుట్టూ తలుపు అంచుల నుంచి కనీసం 8 సెం.మీ. గట్టి చెక్క మిగిలితే సరిపోతుంది. అడ్డు వచ్చింది వాడుక: ఆ వెనక తలుపును పగలంతా తెరిచి గోడకు ఆనిస్తారు. తలుపు తెరిచి ఉన్నంతసేపూ ఫ్లాప్ గోడకు ఆని మూసుకుపోతుంది, దోమతెర తలుపు మాత్రం మూసి ఉంటుంది, కుక్కలకు దారి ఉండదు.

హాల్లో జరిగే గాజు తలుపు ఉంది. దాని పక్కన నిలబెట్టే సన్నటి పలక రకం డాగ్ డోర్లు దొరుకుతాయి, ఏమీ కోయక్కర్లేదు, అద్దె ఇళ్ళకు అదే సరైనది. కానీ పలక పెట్టాక మనుషులు నడిచే సందు ఆ మేరకు తగ్గుతుంది, గాజు తలుపుకు మామూలు గొళ్ళెం పడదు, వేరే తాళం అమర్చుకోవాలి. ఉన్న గాజునే కోయవచ్చు కదా అని కొందరు అడుగుతారు. తలుపులకు వాడేది సాధారణంగా టెంపర్డ్ గాజు. దాన్ని తయారయ్యాక కోయబోతే మొత్తం చిన్న చిన్న ముక్కలుగా పొడైపోతుంది. రంధ్రంతో సహా కొత్త పలక చేయించాల్సిందే. కారు షెడ్డుకూ ఇంటికీ మధ్య ఉండే తలుపు అగ్నినిరోధక తలుపైతే దానికి రంధ్రం కోయడం అంటే ఆ రక్షణను తీసేయడమే.

మిగిలింది గోడ. 23 సెం.మీ. ఇటుక గోడ, రెండు వైపులా ప్లాస్టరింగుతో కలిపి 26. కాంక్రీటు స్తంభాలూ దూలాలూ ఉన్న ఇల్లు, ఈ గోడ వాటి మధ్య కట్టిన నింపుడు గోడ. బరువు మోసే గోడ అయితే ఇంజనీరు చూడకుండా ముట్టుకోకూడదు. స్విచ్‌బోర్డుకు నేరుగా కిందా పైనా వైరు గొట్టం ఉంటుందని లెక్కేసుకుని ఆ నిలువు పట్టీని వదిలేశారు, సింకు ఉన్న వైపు నీటి గొట్టం కోసం అడ్డంగా కూడా డిటెక్టర్ తిప్పారు. గోడ మూల నుంచి 70 సెం.మీ. దూరంలో, బయట చూరు నీడ పడే చోట గీత పడింది. చూరు కింద ఉండటం చిన్న విషయం కాదు. ఏ ఫ్లాపూ నేరుగా కొట్టే వానను పూర్తిగా ఆపదు.

ఏ ఫ్లాప్

మైక్రోచిప్ చదివి తెరుచుకునే తలుపు కావాలని ఇంటివాళ్ళ మొదటి కోరిక. కుక్కలకు వేసే చిప్‌లు ఎక్కువగా ఐఎస్‌ఓ 11784, 11785 ప్రమాణాల ప్రకారం 134.2 కిలోహెర్ట్జ్ మీద పనిచేసే 15 అంకెల చిప్‌లు. వాటిలో బ్యాటరీ ఉండదు, రీడరు పంపే శక్తితోనే పలుకుతాయి, అందుకే తలుపులో ఉండే చిన్న రీడరుకు చిప్ చాలా దగ్గరికి రావాలి. చిప్ ఉండేది భుజాల మధ్య. పిల్లి తల దూర్చగానే అది రీడరు కిందికి వస్తుంది. లాబ్రడార్ మూతి ఫ్లాప్‌ను తాకేసరికి చిప్ ఇంకా చాలా వెనక ఉంటుంది. అందుకే ఈ రకం తలుపులు ఎక్కువగా పిల్లులకూ చిన్న కుక్కలకూ సరిపోయే సైజుల్లోనే వస్తాయి. పెద్ద కుక్కలకు మెడపట్టీకి తగిలించే ట్యాగుతో తెరుచుకునే రకం ఉంది. కరెంటు, బ్యాటరీ, పోగొట్టుకునే ట్యాగు, ఇవన్నీ భరించడానికి గట్టి కారణం ఉండాలి: వీధి కుక్కలు లోపలికి రావడం లాంటిది. ఇక్కడ పెరటి చుట్టూ ఎత్తైన ప్రహరీ ఉంది. వద్దనుకున్నారు.

ఎంచుకున్నది అల్యూమినియం ఫ్రేము, మెత్తటి వినైల్ ఫ్లాప్‌లు రెండు, గోడ లోపలి ముఖాన ఒకటి, బయటి ముఖాన ఒకటి, అడుగున అయస్కాంత పట్టీ, రాత్రి జొనిపే తాళం పలక. ఫ్లాప్ సైజు 33 × 50. కింది గీత 14లో పెడితే పై గీత 64కు వస్తుంది, కావలసిన 63 కంటే ఒకటి ఎక్కువ.

తాళం పలక విషయంలో ఒక మాట. పారదర్శకంగా ఉన్నది తీసుకోవద్దు. అవతలి వెలుతురు కనిపిస్తుంటే కుక్క దారి ఉందనుకుని తలతో కొడుతుంది. ముదురు రంగు పలకైతే మూసి ఉందని రెండు మూడు రోజుల్లో కనిపెట్టేస్తుంది. ఎలుకల్నీ పాముల్నీ ఫ్లాప్ ఆపదు, పలకే ఆపాలి. 33 × 50 సందులోంచి చిన్నపిల్లలు సునాయాసంగా పాకిపోతారు, సన్నటి పెద్దవాళ్ళు కూడా దూరగలరు. పాకే వయసు పిల్లలున్న ఇంట్లో, ముఖ్యంగా బయట నీళ్ళ తొట్టిగానీ ఈత కొలనుగానీ ఉంటే, ఇంత పెద్ద డాగ్ డోర్ పెట్టకపోవడమే మేలు.

గోడ పని

ఫ్రేముతో వచ్చే, గోడ మందంలో ఇమిడే సొరంగం పెట్టె బయటి కొలత 37 × 56. ఫ్లాప్ కింది గీత కంటే దాని అడుగు 3 సెం.మీ. కిందికి ఉంటుంది. పెట్టె అడుగు నేల నుంచి 11 దగ్గర కూర్చోవాలి, దాని కింద వాటం కోసం ఒకటిన్నర సెం.మీ. సిమెంటు పరుపు కావాలి. అందుకని రంధ్రం 9.5 నుంచి 67.5 వరకు, 58 ఎత్తు, 39 వెడల్పు. ఫ్రేము చుట్టూ 4 సెం.మీ. అంచు పట్టీ వస్తుంది. అది కింద 7 సెం.మీ. దాకా దిగుతుంది, నేల పక్కన గోడకు 10 సెం.మీ. స్కర్టింగ్ టైలు ఉంది. టైలు మీద కూర్చుంటే ఫ్రేము ముందుకు వంగుతుంది, అందుకే 45 సెం.మీ. మేర స్కర్టింగ్ కోసి తీసేయాలని ముందే గుర్తు పెట్టుకున్నారు.

రంధ్రం పైన అడ్డంగా వేసే కాంక్రీటు దిమ్మె, అంటే లింటెల్, అక్కర్లేదని మేస్త్రీ అన్నాడు. 39 సెం.మీ. రంధ్రం పైన ఇటుకలు వాటంతట అవి తోరణంలా నిలబడతాయన్నది చాలావరకు నిజమే. కానీ పాత గోడలో సిమెంటు వదులుగా ఉంటే పై వరుసలో ఒకటి రెండు ఇటుకలు జారి పెట్టె మీద కూర్చుంటాయి, పెట్టె ఒంగితే ఫ్లాప్ పట్టేస్తుంది. వేయడమే మంచిదని రెండు చిన్న లింటెళ్ళు ముందుగా పోసి ఉంచారు: ఒక్కొక్కటి 70 సెం.మీ. పొడవు, 11 వెడల్పు, 7.5 మందం, అడుగు నుంచి 2 సెం.మీ. పైన 8 మి.మీ. కడ్డీలు రెండు. వారం రోజులు తడిపారు. రంధ్రానికి రెండు పక్కలా 15 సెం.మీ. చొప్పున గోడ మీద ఆనుతాయి. రెండు ఎందుకంటే గోడ మొత్తం మందాన్ని ఒకేసారి ఖాళీ చేయకుండా, లోపలి ముఖంలో సగం మందం గాడి కొట్టి మొదటిది దూర్చి, పైన 1:3 సిమెంటు ఇసుకను పొడిపొడిగా కలిపి గట్టిగా కూరి, అది పట్టాక బయటి ముఖంలో రెండోది పెట్టడానికి. అసలు రంధ్రం మూడు రోజులాగి కోశారు.

230 మి.మీ. డైమండ్ బ్లేడు గోడలోకి దిగేది ఏడెనిమిది సెం.మీ. మాత్రమే. 26 సెం.మీ. గోడను ఒక పక్క నుంచి తెగ్గోయలేం. నాలుగు మూలల్లో 400 మి.మీ. పొడవున్న 12 మి.మీ. బిట్‌తో ఈ ముఖం నుంచి ఆ ముఖానికి రంధ్రాలు వేసి, బయట వాటిని కలుపుతూ గీత గీయాలి. డ్రిల్లు ఒక్క డిగ్రీ పక్కకు వాలినా అవతలి ముఖంలో గుర్తు దాదాపు నాలుగున్నర మి.మీ. జరుగుతుంది. రసమట్టం డ్రిల్లు వీపు మీద పెట్టి చూస్తూ వేయడం, బయట నాలుగు గుర్తుల మధ్య రెండు కర్ణాలూ కొలిచి సరిచూడటం తప్పవు. తర్వాత రెండు ముఖాల్లోనూ బ్లేడుతో కోసి, మధ్య ఇటుకలను పై వరుస నుంచి ఉలితో ఒక్కొక్కటిగా తీయాలి. సుత్తితో అడ్డంగా మోదితే చుట్టూ ప్లాస్టరింగ్ గుల్లబడుతుంది. కోసేటప్పుడు నీళ్ళు చల్లుతూ ఉండాలి, ముక్కుకు దుమ్ము మాస్కు ఉండాలి, ఇటుక దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. తడి చోట యంత్రం కాబట్టి కరెంటు లీకైతే వెంటనే తెగే బ్రేకరు ఉన్న లైను నుంచే కనెక్షన్ తీసుకోవాలి. ఆ రోజు కుక్కలు ఇంట్లో ఉండకూడదు. ఈ శబ్దాన్ని ఆ చోటుతో ముడిపెట్టుకుంటే తర్వాత శిక్షణ రెట్టింపవుతుంది.

పెట్టెతో వచ్చిన తొడుగు 18 సెం.మీ. గోడకే సరిపోతుంది. 26కు పొడిగింపు ముక్క విడిగా తెప్పించారు. కొనే ముందు గోడ మందం ప్లాస్టరింగుతో కలిపి కొలవకపోతే పని ఇక్కడ వారం ఆగుతుంది.

అడుగు వాటం ఈ మొత్తం పనిలో అన్నిటికంటే తొందరపాటు జరిగే చోటు. 26 సెం.మీ. లోతులో 8 మి.మీ. బయటికి వాలేలా సిమెంటు పరుపు వేశారు. దాని మీద అడుగు రేకు రెండు ముక్కలు: ముందు బయటిది పరిచి, లోపలిది దాని మీదికి 3 సెం.మీ. ఎక్కేలా వేయాలి, ఇంటి పెంకుల్లాగే. తిరగేసి వేస్తే నీళ్ళు అతుకులోంచి ఇటుకలోకి దిగుతాయి. వాలేది అడుగు మాత్రమే. రెండు ముఖాల ఫ్రేములూ తూకం గుండుకు నిటారుగా ఉండాలి. ఫ్లాప్ తన బరువుతోనే వేలాడి మూసుకుంటుంది, ఫ్రేము ఒంగితే ఫ్లాప్ ఎప్పుడూ ఒక పక్కకు తెరిచే ఉంటుంది.

ఫ్రేము స్క్రూలు: 8 మి.మీ. నైలాన్ ప్లగ్గులు, 5 × 50 స్టెయిన్‌లెస్ స్క్రూలు, ముఖానికి ఎనిమిది. రంధ్రం అంచుకు ఇంత దగ్గరగా హ్యామర్ మోడ్‌లో డ్రిల్ చేస్తే ఇటుక మూల పగిలి ఊడొస్తుంది. హ్యామర్ ఆపేసి, నెమ్మదిగా, ఇటుక మధ్యలోకి వేయాలి. ఇటుకల మధ్య అతుకు సిమెంటులో ప్లగ్గు నిలవదు. స్క్రూలను చివరిదాకా ఒక్కసారే బిగించకుండా ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెం బిగిస్తూ, ప్రతిసారీ ఫ్లాప్ ఊపి చూడాలి.

సిలికాన్ న్యూట్రల్ రకం వాడారు. వెనిగర్ వాసన వచ్చే రకం అల్యూమినియాన్నీ సిమెంటునూ తింటుంది. బయట పైనా రెండు పక్కలా నిండుగా వేయాలి, అడుగున వేయకూడదు. ఎంత జాగ్రత్త పడ్డా కొన్ని చుక్కలు లోపల చేరతాయి, అవి బయటపడే దారి ఆ అడుగు సందే.

బయట దిగడానికి అరుగు కట్టారు: గోడ నుంచి ముందుకు 90, వెడల్పు 75, గోడ దగ్గర ఎత్తు 11 సెం.మీ., చివరికి వచ్చేసరికి 9. లాబ్రడార్ నాలుగు కాళ్ళతో నిలబడి తిరగగలిగేంత చోటు. ఇప్పుడు బయటి నుంచి దాటే ఎత్తు 15. పాత 37 ఎక్కడ, ఈ 15 ఎక్కడ! అరుగు పైభాగాన్ని నున్నగా చేయకుండా గరుకుగా వదిలేశారు, తడిస్తే జారకుండా.

ఫ్లాప్ బిగింపు, అలవాటు చేయడం

వినైల్ ఫ్లాప్ చుట్టగా చుట్టి వస్తుంది. దాన్ని వెచ్చటి చోట బల్ల మీద పరిచి, పైన పుస్తకాలు పెట్టి ఒక రాత్రి ఉంచితే ఒంపు పోతుంది. ఒంపుతోనే బిగిస్తే అయస్కాంతం అందదు, అయస్కాంతం చెడిపోయిందనుకుంటారు. పక్కల 3 నుంచి 4 మి.మీ., అడుగున 2 నుంచి 3 మి.మీ. సందు ఉండాలి.

పాత తలుపు రంధ్రాన్ని ముందుగా ప్లైతో మూసేశారు. భయపడిన చోటు కళ్ళముందు ఉండగా కొత్తది నేర్పడం కష్టం. సిలికాన్ వాసన పోయేదాకా రెండు రోజులు కుక్కలను అటు రానివ్వలేదు.

మొదటి మూడు రోజులు ఫ్లాప్‌లు రెండూ తీసేసి ఖాళీ సొరంగం. లాబ్రడార్ మొదటి నిమిషంలోనే దూరింది. బీగిల్ సొరంగం మధ్య ఆగి రేకును వాసన చూసి వెనక్కి వచ్చేసింది. గోళ్ళ కింద రేకు చప్పుడు దానికి నచ్చలేదు. అడుగున గీతల రబ్బరు షీటు అంటించాక నడిచింది. తర్వాత రెండు రోజులు సగం ఎత్తుకు పాత తువ్వాలు కట్టారు. ఆ తర్వాత లోపలి ఫ్లాప్ ఒక్కటే, అడుగు అయస్కాంతం తీసేసి. బయటి ఫ్లాప్ పదో రోజున, అయస్కాంతాలు పన్నెండో రోజున, అదీ సగం బలంతో. లాబ్రడార్ గమనించనే గమనించని బలం 13 కిలోల కుక్కను మూతి దగ్గరే ఆపేస్తుంది. రెండు కుక్కలున్నప్పుడు అయస్కాంతాన్ని చిన్నదానికి తగ్గట్టే పెట్టాలి. వెనక నుంచి తోయడం ఒక్కసారి కూడా చేయకూడదు. వీపు మీద ఫ్లాప్ రాసుకుంటూ పడే క్షణానికే కుక్క భయపడుతుంది, అందుకే మొదట్లో ఒకరు ఫ్లాప్‌ను చేత్తో పట్టి కుక్క తోక దాటాక మెల్లగా వదిలారు.

పదహారో రోజుకు బీగిల్ రెండు వైపులా తనంతట తనే తిరుగుతోంది.

తర్వాత వచ్చిన తిప్పలు

రెండో వారం చివర బయటి ఫ్లాప్ ఎడమ మూల పట్టేయడం మొదలైంది. కర్ణాలు కొలిస్తే 4 మి.మీ. తేడా. ఒక స్క్రూ అతుకు సిమెంటులో పడి వదులైంది, ఫ్రేము మూల జారింది. ఆ ప్లగ్గు తీసి, రంధ్రాన్ని ఇంజెక్షన్ రెసిన్‌తో (లోపల గట్టిపడే జిగురుతో) నింపి, మూల కింద 2 మి.మీ. ప్లాస్టిక్ ముక్క పెట్టి మళ్ళీ బిగించారు.

ఐదో వారంలో గాలివాన. లోపలి గోడ అడుగున తడి మరక. అందరి చూపూ పై సిలికాన్ మీదికే పోయింది. అసలు కారణం కింద ఉంది: అరుగు పూతలు సరిచేసేటప్పుడు ఎవరో చక్కగా కనిపించాలని అడుగు సందును కూడా సిలికాన్‌తో మూసేశారు. లోపలికి వచ్చిన నీళ్ళకు బయటి దారి లేక వెనక్కి వచ్చాయి. కత్తితో ఆ సిలికాన్ గీకేసి, అడుగు పట్టీలో రెండు 6 మి.మీ. రంధ్రాలు వేశారు. తర్వాతి వానలకు మరక రాలేదు.

వంట సమయంలో లోపలి ఫ్లాప్ రెండు వేళ్ళ మందం లోపలికి తెరుచుకుని నిలబడుతోందని ఇంకో ఫిర్యాదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతూ కిటికీలన్నీ మూసి ఉంటే ఇల్లు గాలిని దొరికిన సందులోంచి లాక్కుంటుంది, దొరికింది ఫ్లాపే. అయస్కాంతం బలం పెంచితే బీగిల్ ఆగిపోతుంది. వంటప్పుడు ఒక కిటికీ కొద్దిగా తెరవమన్నారు, అంతే.

అయస్కాంత పట్టీకి నెలకోసారి ఇనుప రజను తుడవాలి. పెరట్లో గ్రైండింగ్ పనులు జరిగితే వెంటనే తుడవాలి. ఫ్లాప్‌ను గోరువెచ్చటి నీళ్ళు, సబ్బుతో కడిగితే చాలు. థిన్నర్, పెట్రోలు తగిలితే వినైల్ గట్టిపడి పగులుతుంది. ఎండ పడే బయటి ఫ్లాప్ లోపలిదాని కంటే ముందు గట్టిపడుతుంది. అడుగు మూలలు బయటికి తిరగడం మొదలైతే దాన్ని మార్చే సమయం వచ్చినట్టే. ఫ్రేము లోపలి ముఖాన మోడల్ సంఖ్యను పెయింట్ మార్కర్‌తో రాసి ఉంచారు, ఫ్లాప్ ఒక్కటే మళ్ళీ తెప్పించేటప్పుడు అదే అడుగుతారు.